పాత ఇంజిన్ ఎందుకు పోయిందో ముందు తేల్చండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు పాత బెంజి బండ్ల గురించే. మొదటిదానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను. అచ్చం అలాంటి పనిలోనే ఒకప్పుడు నా చేతుల మీదుగా ఒక మంచి ఇంజిన్ పోయింది.

ప్రశ్న: మేస్త్రిగారూ, నమస్కారం. మా నాన్నగారు కొన్న 1996 మోడల్ బెంజి ఈ250 డీజిల్ (కంపెనీ కోడ్ డబ్ల్యూ124, మాన్యువల్ గేర్లు) ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. నాన్నగారు పోయి మూడేళ్ళయింది. మొన్న వేసవిలో అన్నవరం నుంచి వస్తుంటే వేడి ముల్లు ఎర్రగీత దాటింది, నేను చూసుకోలేదు. బండి ఆగిపోయింది. హెడ్డు (ఇంజిన్ పైభాగం) పగిలిందనీ, బోర్లకి (పిస్టన్లు ఆడే గొట్టాలకి) కూడా గీతలు పడ్డాయనీ ఇక్కడి మెకానిక్ అన్నాడు. హైదరాబాద్‌లో పాత సామాన్ల వ్యాపారి దగ్గర దీని తర్వాత వచ్చిన మోడల్ (డబ్ల్యూ210) ఈ250 డీజిల్ ఇంజిన్ ఉంది. "రెండూ ఒకటే ఇంజిన్ సార్, డైరెక్టుగా కూర్చుంటుంది" అంటున్నాడు. నిజమేనా? ఆర్టీవో ఆఫీసులో ఇబ్బంది వస్తుందా? ఈ బండిని అమ్మలేను, పారేయలేను. టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: వ్యాపారి మాట సంగతి చెప్తాను గాని, మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం వేరే ఉంది. "ముల్లు ఎర్రగీత దాటింది, నేను చూసుకోలేదు." అసలు ముల్లు అక్కడిదాకా ఎందుకు వెళ్ళింది? ఈ ప్రశ్నకి జవాబు దొరకకుండా ఆ ఇంజిన్‌కి ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు ఇవ్వకండి. ఎందుకంటున్నానో కాసేపట్లో చెప్తాను.

రెండూ ఒకటేనన్నది చాలావరకు నిజం. రెండు బండ్లలోనూ ఉన్నది ఓఎం605 ఇంజినే. అయిదు సిలిండర్లు, సిలిండరుకి నాలుగు చొప్పున ఇరవై వాల్వులు, 2497 సీసీ, 113 హార్స్‌పవర్. బ్లాకు, అంటే బోర్లు ఉండే దిమ్మ, పోత ఇనుము. హెడ్డు అల్యూమినియం. మన దేశంలో బెంజి కార్ల తయారీ 1995లో పుణెలో మొదలైంది, అదీ మీ డబ్ల్యూ124తోనే. దాని తర్వాత డబ్ల్యూ210 వచ్చింది. కాబట్టి మన పక్కన ఈ రెండు రకాల ఇంజిన్లూ వెతికితే దొరుకుతాయి.

వ్యాపారి మాట మీద ఆధారపడకుండా బ్లాకు మీద కొట్టిన నంబరు మీరే చదవండి. గ్రీజు పట్టి ఉంటుంది, గుడ్డని డీజిల్‌లో ముంచి తుడవండి. 605 తర్వాత వచ్చే మూడంకెలు చూడాలి. 911 అయితే మీ డబ్ల్యూ124ది. 912 అయితే డబ్ల్యూ210ది. 910 అయితే సీ క్లాసుది. 960, 962 అయితే టర్బో ఇంజిన్లు. టర్బోకి పంపు మొత్తం కంప్యూటర్ చేతిలో ఉంటుంది. ఆ కంప్యూటరు, దాని తాళం చెవి, వైరింగు లేకుండా అది మీ బండిలో స్టార్టు కాదు. ఎంత చవకగా ఇస్తానన్నా మీ పనికి అది వద్దు.

ఇక "డైరెక్టుగా కూర్చుంటుంది" అన్నది సగం నిజం. డబ్ల్యూ124కి స్టీరింగ్ బాక్సు, దాని కింద అడ్డంగా వెళ్ళే రాడ్లు ఉంటాయి. డబ్ల్యూ210కి వచ్చేసరికి ర్యాక్ స్టీరింగ్ పెట్టారు. అంటే ఇంజిన్ కింద ఖాళీ ఉన్న చోటు మారిపోయింది. అందుకని మీ పాత ఇంజిన్ ఆయిల్ చాంబరు, లోపల ఆయిల్ పీల్చే గొట్టం, ఇంజిన్‌ని బండికి పట్టి ఉంచే రెండు పక్కల ఫౌండేషన్ బ్రాకెట్లు విప్పి కొత్తదానికి బిగించాలి. డైనమో, ఏసీ కంప్రెసరు, పవర్ స్టీరింగ్ పంపు బ్రాకెట్లు కూడా మీవే వాడండి. వైరింగు కూడా మీదే ఉంచండి.

డీజిల్ పంపు కూడా మీదే పెట్టించుకోండి. రెండూ బాష్ వాళ్ళ అయిదు ఎలిమెంట్ల పంపులే అయినా, మీ బండి వైర్లకీ యాక్సిలరేటర్‌కీ ఇన్నేళ్ళుగా అలవాటైన పంపు మీది. దాన్ని కొత్త ఇంజిన్ మీద పెట్టాక టైమింగ్, అంటే డీజిల్ ఏ క్షణంలో పడాలన్నది, గేజి పెట్టి సరిచూడాల్సిందే. "చెవితో పట్టేస్తాను" అనే మెకానిక్‌కి ఆ పని ఇవ్వకండి.

ఇప్పుడు ఆ ఇంజిన్ బాగుందో లేదో తెలుసుకోవడం. దించేసి మూలన పడేసిన ఇంజిన్ అయితే కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుకునే ఒత్తిడి) చూపించకుండా కొనకండి. సెల్ఫ్, బ్యాటరీ పెట్టి తిప్పితే చాలు, షాపు దగ్గరే గేజి పెట్టి చూడొచ్చు. అయిదు సిలిండర్లలో ఏదీ 18 బార్ల కంటే కిందికి దిగకూడదు. ఒకదానికీ ఇంకోదానికీ తేడా 3 బార్లు దాటకూడదు. అయిదూ సమంగా 24 చూపిస్తే, నాలుగు 30 చూపించి ఒకటి 22 చూపించేదానికంటే అదే మేలు.

ఇంకా బండిలోనే ఉన్న ఇంజిన్ అయితే మీ అదృష్టం. తెల్లవారుజామున వెళ్ళండి. ముందురోజే చెప్పి వెళ్తే వ్యాపారి మీరు రాకముందే ఒకసారి స్టార్టు చేసి వేడి చేసి పెడతాడు. చెప్పకుండా వెళ్ళి ముందు బానెట్ మీద చెయ్యి వేసి చూడండి. చల్లగా ఉన్న ఇంజిన్ ఎలా లేస్తుందన్నదే దాని జాతకం. లేచాక ఆయిల్ పోసే మూత విప్పి, బిగించకుండా ఊరికే దాని మీద పెట్టండి. మూత కొంచెం కదిలితే ఫరవాలేదు. ఎగిరెగిరి పడుతుంటే పిస్టన్ రింగులు అయిపోయాయని అర్థం.

ఈ ఇంజిన్‌లో ఇంకొకటి మీ కళ్ళతోనే చూడొచ్చు. డీజిల్ పైపులు కొన్ని పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్‌వి. సెలైన్ గొట్టంలో చూసినట్టు లోపల డీజిల్ కనిపిస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా సెల్‌ఫోన్ లైటు వేసి చూడండి. సన్నటి బుడగలు వరసగా పోతుంటే ఎక్కడో గాలి లాగుతోందన్నమాట. పైపుల చివర ఉండే చిన్న రబ్బరు రింగులు గట్టిపడి ఉంటాయి. ఇది ఇంజిన్ జబ్బు కాదు, రింగులు మారిస్తే పోతుంది. చాలామంది ఇది తెలియక పొద్దున స్టార్టు కావట్లేదని పంపు విప్పేస్తారు, మంచి పంపు పాడవుతుంది. కాబట్టి బుడగలు కనిపిస్తే భయపడకండి, ధర తగ్గించమని అడగండి.

కొన్నాక, బండిలో ఎక్కించకముందు, నేల మీద ఉండగానే చేయాల్సిన పనులు కొన్నున్నాయి. చల్లటి ఇంజిన్ లేవడానికి సిలిండర్లని వేడిచేసే హీటర్ ప్లగ్గులు, గాలి లోపలికి వెళ్ళే మానిఫోల్డు కింద దాక్కుని ఉంటాయి. ఏళ్ళ తరబడి విప్పకపోతే హెడ్డులో పట్టేసి, విప్పేటప్పుడు విరిగిపోతాయి. విరిగితే డ్రిల్లు పెట్టి తీయాలి, చెయ్యి కాస్త జారినా హెడ్డు పోతుంది. ముందురోజు సాయంత్రం ఒక్కో ప్లగ్గు మొదట్లో తుప్పు వదిలే నూనె వేసి, పొద్దున్నే చిన్న రెంచితో కొంచెం విప్పడం, కొంచెం బిగించడం, మళ్ళీ విప్పడం. ఒక్క ప్లగ్గుకి అరగంట పట్టినా పట్టనివ్వండి. నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్ళకి ఈ పని ఇచ్చినప్పుడు పొడుగు రాడ్డు చేతికి అందకుండా దాచేస్తాను.

ఇంజిన్ ముందుభాగంలో వాక్యూమ్ పంపు ఉంటుంది. బ్రేకులకి, తాళం తిప్పగానే ఇంజిన్ ఆగడానికి అదే ఆధారం. దాని బేరింగు అరిగి విరిగితే ముక్కలు టైమింగ్ చెయిన్‌లో పడి ఇంజిన్ మొత్తం నాశనమవుతుంది. బయటికి చిన్న సామానే గాని కొత్తది వేయించండి. క్రాంకు వెనక సీలు, క్లచ్ ప్లేటు, బేరింగు కూడా అప్పుడే. ఫ్లైవీల్ మాత్రం ఆ ఇంజిన్‌తో వచ్చిందే ఉంచండి. మార్చక తప్పకపోతే రెండూ పట్టుకెళ్ళి బ్యాలెన్సింగ్ చేయించాలి, లేదంటే వణుకు వస్తుంది.

ఎక్కించడం పెద్ద కష్టం కాదు. డబ్ల్యూ124 బానెట్ నిటారుగా, గోడలా నిలబడుతుంది. విప్పి పక్కన పెట్టక్కర్లేదు, చెయిన్ బ్లాకు నేరుగా పైనుంచి దిగుతుంది. ఆ బండి గీసినవాళ్ళు మెకానిక్ నడుము గురించి కూడా ఆలోచించారని నాకు ఆ బానెట్ ఎత్తినప్పుడల్లా అనిపిస్తుంది.

ఇక మొదట ఆపిన సంగతి.

ఇరవై ఏళ్ళ కిందట గుంటూరు నుంచి ఒక డాక్టరుగారు ఇదే మోడల్ బండిని ఆటోనగర్‌కి నా షెడ్డుకి తెప్పించారు. ఇలాగే హెడ్డు పగిలింది. నేను మంచి ఇంజిన్ వెతికి తెచ్చాను. కంప్రెషన్ అయిదింటికీ సమంగా ఉంది. చాంబరు మార్చాను, పంపు మార్చాను, టైమింగ్ పెట్టాను. రేడియేటర్‌కి మాత్రం పైపు పెట్టి నీళ్ళు వదిలి, ధార బాగానే వస్తోందని చూసి బిగించేశాను. డాక్టరుగారు ఊళ్ళో తిరిగినన్నాళ్ళు ఏమీ కాలేదు. నలభై రోజుల తర్వాత, మే నెలలో, ఏసీ వేసుకుని హైదరాబాద్ బయల్దేరారు. సూర్యాపేట దాటకముందే ఆగిపోయారు. బండిని లాక్కొచ్చాక రేడియేటర్‌ని రంపంతో కోసి చూశాను. కింది వరసల గొట్టాల్లో సున్నం గట్టిపడి సుద్దముక్కల్లా ఉంది. గోరుతో గీకితే పొడి రాలింది. పై వరసల్లోంచి నీళ్ళు పోతున్నాయి కాబట్టి నాకు ధార బాగానే కనిపించింది. మొదటి ఇంజిన్‌ని చంపింది ఆ సున్నమే, రెండోదాన్ని తీసుకొచ్చి దాని చేతికే ఇచ్చాను. డాక్టరుగారు నన్ను ఒక్క మాట అనలేదు. రెండో హెడ్డు ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఆ కోసిన రేడియేటర్ ముక్క ఇప్పటికీ షెడ్డులో మేకుకి వేలాడుతోంది.

కాబట్టి బాబూ, మీ రేడియేటర్ పాతది వద్దు, కొత్తది వేయించండి. ఫ్యాను మధ్యలో ఉండే విస్కస్ క్లచ్ చూడండి. ఇంజిన్ బాగా వేడెక్కాక ఆపి, ఫ్యాన్‌ని చేత్తో తిప్పితే బరువుగా, అయిష్టంగా తిరగాలి. గాలిపంకాలా గిర్రున తిరిగితే అది చచ్చినట్టే. థర్మోస్టాట్ 85 డిగ్రీలకి తెరుచుకోవడం మొదలుపెట్టాలి. స్టవ్ మీద గిన్నెలో నీళ్ళు కాచి అందులో వేసి మీరే చూసుకోవచ్చు. నీళ్ళ ట్యాంకు మూత కొత్తది కొనండి, ప్రెషర్ పట్టని మూత ఉంటే నీళ్ళు తొందరగా మరుగుతాయి. కూలెంటు సగం, డిస్టిల్డ్ వాటర్ సగం పోయండి. బోరు నీళ్ళు ఒక్క చెంబు కూడా పోయకండి. గోదావరి నీళ్ళు మంచివేగా అని కూడా అనకండి, తాగడానికి మంచివి వేరు, అల్యూమినియం హెడ్డుకి మంచివి వేరు.

ఆర్టీవో సంగతి. మీ ఆర్సీలో ఇంజిన్ నంబరు ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిలో చేసే మార్పుకి అనుమతి కావాలి, మార్పు ఆర్సీలోకి ఎక్కాలి. అందుకని ఇంజిన్ ఎక్కించాక కాదు, కొనకముందే ఆఫీసుకి వెళ్ళి దరఖాస్తు పెట్టి అడగండి. అదే కంపెనీ, అదే ఇంధనం, అదే సీసీ అన్నది మీకు బలం. వ్యాపారి నుంచి ఇంజిన్ నంబరు వేసిన బిల్లు తీసుకోండి. అది ఏ బండిలోంచి దించారో, ఆ బండి కాగితం నకలు కూడా అడగండి. ఇవ్వడానికి నసిగితే అక్కడినుంచి వచ్చేయండి, దొంగబండి ఇంజిన్ అయితే కేసు మీ మెడకి చుట్టుకుంటుంది. పదిహేనేళ్ళు దాటిన బండి కాబట్టి అయిదేళ్ళకోసారి ఆర్సీ రెన్యువల్‌కి ఎలాగూ బండిని చూపించాలి, నంబరు తేడా అప్పుడైనా బయటపడుతుంది. ఇన్సూరెన్సు పాలసీలో కూడా నంబరు మార్పించండి.

ఇదంతా చెప్పాక ఇంకొక మాట. మీ మెకానిక్ "గీతలు పడ్డాయి" అన్నాడు, కొలిచాడని మీరు రాయలేదు. హెడ్డు దించాక బోర్లని గేజి పెట్టి పైనా, మధ్యా, కిందా కొలిపించండి. కంటికి గీతలా కనిపించేవి చాలాసార్లు హోనింగుతో (లోపల సన్నగా రుద్దించడంతో) పోతాయి, లేదా ఓవర్‌సైజు పిస్టన్లతో సరిపోతుంది. మీ బ్లాకు బతికుంటే హైదరాబాద్ ఇంజిన్ కొని దాని హెడ్డు తీసి మీ బ్లాకు మీద పెట్టుకోండి. ఆ హెడ్డుకి ప్రెషర్ టెస్టు చేయించండి, ఇదివరకే చదును కోసం మెషిన్ మీద ఎక్కువ గీయించినదైతే వద్దు. హెడ్డు బోల్టులు ఒకసారి సాగితే మళ్ళీ పట్టవు, పొడవు కొలిచి చూసి, సాగినవాటిని మార్చండి. అలా చేస్తే ఇంజిన్ నంబరు మారదు, ఆర్టీవో పని లేదు, మీ నాన్నగారు నడిపిన ఇంజినే బండిలో ఉంటుంది. మీ స్థానంలో నేనుంటే ముందు ఈ దారే చూస్తాను. బ్లాకు పనికిరాదని గేజి చెప్పిన తర్వాతే ఇంజిన్ మార్పు.

ప్రశ్న: నా దగ్గర ఈ220 పెట్రోల్ బెంజి (డబ్ల్యూ124) ఉంది. పెట్రోల్ ఖర్చు భరించలేకపోతున్నాను. అదే మోడల్ డీజిల్ ఇంజిన్ వేయించుకోవచ్చా?
— ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: వద్దండి. బండి బయటికి ఒకటే గాని పెట్రోల్ ఇంజిన్ నాలుగు సిలిండర్లది, డీజిల్‌ది అయిదు. ఫౌండేషన్లు, ముందు స్ప్రింగులు, ట్యాంకు నుంచి వచ్చే పైపులు, వైరింగు, డిఫరెన్షియల్ పళ్ళ లెక్క, అన్నీ కదులుతాయి. అంతకంటే ముఖ్యం, మీ ఆర్సీలో ఇంధనం పెట్రోల్ అని ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చడం కుదరదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చి చెప్పింది. డీజిల్‌కి మార్చిన పెట్రోల్ బండిని రేపు అమ్మలేరు, యాక్సిడెంటయితే క్లెయిము రాదు. ఇంధనం చిమ్మే నాజిళ్ళు శుభ్రం చేయించి, గాలి లీకులు చూపించండి. సరిగ్గా ఉన్న ఈ220 అంత తాగదు.

ప్రశ్న: మా మేనమామగారు దుబాయ్ నుంచి తెచ్చుకున్న 1983 మోడల్ బెంజి 240డి (డబ్ల్యూ123) నా దగ్గర ఉంది. ఇంజిన్ పొగ వదులుతోంది. టెంపో ట్రాక్స్ ఇంజిన్ దీనికి సరిపోతుందని ఒకాయన అన్నారు. నమ్మలేకపోతున్నాను.
— ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: నమ్మొచ్చమ్మా, చుట్టరికం నిజమే. మీ బండిలోది ఓఎం616, నాలుగు సిలిండర్లు, 2399 సీసీ. అదే ఇంజిన్‌ని బజాజ్ టెంపో కంపెనీ బెంజి వాళ్ళ లైసెన్సు తీసుకుని మన దేశంలోనే తయారుచేసింది. ట్రాక్స్‌లో పెట్టింది అదే. మన ఊళ్ళలో పెళ్ళిళ్ళకీ తిరునాళ్ళకీ పదిహేనుమందిని ఎక్కించుకుని తిరిగిన ఆ బండ్లలో కొట్టుకున్నది బెంజి గుండెకాయే.

అయినా ఇంజిన్ మొత్తం మార్చమని నేను చెప్పను. ట్రాక్స్‌కి తగ్గట్టు చాంబరు, మానిఫోల్డులు, ఫౌండేషన్లు మార్చుకున్నారు. మీ బండిలో కూర్చోవాలంటే అవన్నీ విప్పి మీవి బిగించాలి. పైగా ఆర్సీలో బెంజి అని ఉన్న బండిలో టెంపో నంబరున్న ఇంజిన్ కనిపిస్తే జవాబు చెప్పుకోవాలి. మీ బ్లాకునే ఉంచి, లోపలి సామాన్ల కోసం ఆ చుట్టరికాన్ని వాడుకోండి. మీ పిస్టను 90.9 మిల్లీమీటర్లు, స్ట్రోకు 92.4. ట్రాక్స్ ఇంజిన్లు తర్వాతి కాలంలో పెద్ద సైజులో కూడా వచ్చాయి, అందుకని పేరు చెప్పి కొనకండి. మీ ఇంజిన్ విప్పించి, పాత పిస్టను, ఒక బేరింగు చెక్క గుడ్డలో చుట్టి షాపుకి పట్టుకెళ్ళండి. కౌంటరు మీద పక్కపక్కన పెట్టించి, వెర్నియర్‌తో కొలిపించి, రెండూ ఒకటేనని చూశాకే డబ్బు కట్టండి. నాజిళ్ళు కూడా అప్పుడే టెస్టు చేయించండి. నల్లపొగ అయితే సగం సందర్భాల్లో తప్పు నాజిళ్ళదే. నీలిపొగ అయితేనే రింగుల దాకా వెళ్ళాలి. మీరు పొగ రంగు రాయలేదు, అది చూసి రాయండి, వచ్చే నెల మిగతాది చెప్తాను.